చుక్కలు పోతే జబ్బు పోయినట్టేనా?

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్ళలో ఓ మూఢనమ్మకం బాగా పాతుకుపోయింది. చేప ఒంటిమీద తెల్లచుక్కలు లేస్తాయి. షాపువాడు "రీఫ్ సేఫ్" అంటూ ఓ సీసా అంటగడతాడు. ఇంకొకాయన మేతలో వెల్లుల్లి రసం కలపమంటాడు. వారం తిరిగేసరికి చుక్కలు మాయం. ఇంకేం, మందు పనిచేసేసింది!

పనిచేసింది మందు కాదండీ బాబూ, ఆ పరాన్నజీవి టైంటేబుల్. మెరైన్ ఇక్ అనే ఈ ఏకకణ జీవి చేప చర్మం కింద 3 నుంచి 7 రోజులుండి, తినాల్సింది తిని తనంతట తనే రాలిపోతుంది. రాళ్ళకో ఇసుకకో అంటుకుని, చుట్టూ గుల్ల కట్టుకుని, లోపల వందలుగా చీలుతుంది. అవి బయటికొచ్చాక ఒళ్ళంతా చుక్కలే. మొప్పలకి పట్టిందా, చేపకి ఊపిరాడదు.

"బగ్ మళ్ళీ రాలేదుగా" అని టికెట్ మూసేసే మేనేజర్ని తిట్టుకునే మనమే, ఇంట్లో చేసేది ఇదే!

అసలు వైద్యానికి అడ్డదారి లేదు. బాగున్నవాటితో సహా చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి మార్చి, టెస్ట్ కిట్‌తో కొలుస్తూ రాగి మందు వాడాలి. అదే మందు పెద్ద తొట్టెలో పోస్తే పగడాలూ రొయ్యలూ చస్తాయి. పెద్ద తొట్టెలో 76 రోజులపాటు ఒక్క చేప కూడా లేకుండా ఉంచాలి.

"అంత ఓపికెక్కడిదండీ?" అంటారా, అయితే కొనకండి. వీటిలో చాలా రకాలు సముద్రంలో హాయిగా తిరుగుతుంటే పట్టి తెచ్చినవే. కొత్త చేపని నెలరోజులు విడిగా ఉంచడానికి ముందు ఓ చిన్న తొట్టె కొనండి. చేప సంగతి ఆ తర్వాత.