కడిగిన ఇంజను కదలనప్పుడు

పశువును కడుగునపుడు చెవిలో నీరు పోకుండ చేయి అడ్డము పెట్టుట మన రైతులందఱు నెఱిగిన పనియే. ఇంజనును కడుగునపుడు మాత్రము మన కా జాగ్రత్త యుండదు. ధార యెంత గట్టిగా కొట్టిన నంత శుభ్రమని తలంతుము. పిమ్మట ఇంజను కదలకున్న యంత్రమును నిందింతుము.

గత వర్షకాలమున మేము బేగంపేటలో బండ్లు కడుగు కొట్టమొకదాని కడ నిలిచియుంటిమి. బోయినపల్లి మార్కెట్టున కూరగాయలు దింపి వచ్చిన రైతొకడు తన పెట్రోలు వ్యానును కడిగించుచుండెను. ఇంజను చల్లారకమునుపే దానిపై పంపుధారను వదలిరి. పిదప తాళము త్రిప్పగా ఇంజను వణకి యాగిపోయెను. అతడు మరల మరల త్రిప్పగా బ్యాటరీయు నీరసించెను. పిలువగా వచ్చిన మెకానికు కాయిలు మార్చవలయు ననెను. కొంచె మాగుడని మేము వేడుకొంటిమి. చూడగా ప్లగ్గుల గుంటలలో నీరు నిలిచియుండెను. గాలిపంపుతో దానిని నూదివేసి, తీగల కొనలను పొడిగుడ్డతో తుడిచి, యొక గంట యెండనిచ్చిన పిదప ఇంజను చక్కగా పలికెను. కాయిలున కే లోపమును లేదు. ఆ రైతునకు క్రొత్త కాయిలు ఖర్చు తప్పెను.

ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టుటకు వేలకొలది వోల్టుల విద్యుత్తు కావలయును. తడి తగిలినచో నా విద్యుత్తు ప్లగ్గునకు చేరక ప్రక్కదారి పట్టును. గుంటలోని నీటిని ముందుగా నూదివేయక ప్లగ్గును విప్పరాదు. విప్పినచో నా నీరు సిలిండరులోనికి జారును.

మన ట్రాక్టరు డీజిలుది. దానికి నిప్పురవ్వతో పనిలేదు. అదిమిన గాలి వేడికే డీజిలు మండును. కావున దానిని వెదకు క్రమము వేఱు. స్టార్టరు బొత్తిగా పలుకకున్న బ్యాటరీ కొనలను, స్టార్టరు తీగలను, క్లచ్చు వద్ద నుండు స్విచ్చిని ఆరబెట్టి చూడవలెను. స్టార్టరు తిరుగుచున్నను ఇంజను పట్టుకొననిచో డీజిలు టాంకి మూతను, ఫిల్టరు గిన్నెను చూడవలెను. గిన్నె యడుగున నీరు చేరియున్న దానిని వదలి, పైపులలోని గాలిని తీసివేయవలెను. ఎయిర్ క్లీనరు తడిసినదేమో చూడనిదే తాళము ముట్టరాదు.

స్టార్టరు ఒక్కమారు టక్కుమని నిలిచిపోయినచో నది మిక్కిలి ప్రమాదసూచన. గాలి యణగును గాని నీరణగదు. సిలిండరులో నీరుండగా బలవంతముగా త్రిప్పిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. అట్టి బండిని త్రోసిగాని, త్రాటితో లాగిగాని నడిపింపరాదు. ఇంజెక్టరులు విప్పి నీటిని వెడలింపగల పనివానిని పిలువవలెను. వరదలో మునిగిన బండికిని ఇదియే నియమము. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క దినమున దాదాపు 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు నడుమ మరల దాదాపు 19 సెంటీమీటర్లు వాన కురిసినది. అట్టి దినములలో నీటినుండి బయటపడిన బండికి తొందరపడి తాళము త్రిప్పుటయే నీటికంటె నెక్కువ చెఱుపు చేయును.

కడుగకున్న రేడియేటరు మూసికొని ఇంజను కాగిపోదా యని కొంద ఱడుగుదురు. నిజమే. దుమ్ము, ఊక పట్టిన రేడియేటరును శుభ్రపఱుపవలసినదే. కాని దానికి మెల్లని ధార చాలును. అదియు ఇంజను వైపునుండి వెలుపలికి పోవలెను. గట్టి ధార ఆ పలుచని రేకులను వంచివేయును.

మా యభిప్రాయ మిది. బాడుగకు ట్రాక్టరు నిచ్చు ప్రతి సంఘమును మూడు నియమములు వ్రాసి షెడ్డులో వ్రేలాడదీయవలెను. వేడి ఇంజనుపై నీరు పోయరాదు. కడుగుటకు ముందు బ్యాటరీ తీగ విప్పి, ఎయిర్ క్లీనరు నోటిని, ఆల్టర్నేటరును, స్టార్టరును ప్లాస్టిక్కు సంచులతో కప్పవలెను. కడిగిన పిదప సంచులు తీసి, పూర్తిగా ఆరకమునుపు ఎవరును తాళము త్రిప్పరాదు. దుక్కి దినములలో బండి నాలుగు దినములు మూలబడిన, వంతుకై వేచియున్న చిన్నరైతునకే పదును తప్పును. ఆ నష్టమును ఏ మెకానికును తీర్పలేడు. కావున సభ్యులు వచ్చు సమావేశముననే దీనిని చర్చించి తీర్మానింప వేడుచున్నాము.