‘తిన్నావా?’ అంటే సరిపోదు

‘తిన్నావా నాన్నా?’
‘ఆ... తిన్నానమ్మా.’

హైదరాబాద్‌లోనో, విశాఖపట్నంలోనో గది తీసుకుని యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లలో రోజూ రాత్రి వినిపించే మాటలివి. ఆ జవాబుతో మన మనసు కుదుటపడుతుంది. కానీ ఏం తిన్నారో, ఎన్ని పూటలు తిన్నారో అందులో ఉండదు. అయిదో తేదీన బిర్యానీ తిన్నా, ఇరవై అయిదో తేదీన టీ, బిస్కెట్లతో సరిపెట్టుకున్నా జవాబు అదే.

నెల ఖర్చంతా ఒకటో తేదీనే పంపేస్తాం. గది అద్దె, ఫోన్ రీచార్జ్, జిరాక్సులు, బస్ పాస్... ఇవేవీ ఆగవు. ఆపుకోగలిగింది తిండి ఒక్కటే. డబ్బులు తగ్గగానే ముందు పోయేది పొద్దుటి టిఫిన్. తర్వాత పండు, పాలు, గుడ్డు. చివరికి మిగిలేది అన్నం, పచ్చడి. లేదంటే నూడుల్స్. వీటితో కడుపు నిండుతుంది గానీ ఒంటికి బలం రాదు.

క్లాసులో కునికిపాట్లు, తలనొప్పి, చిరాకు కనిపిస్తే బద్ధకమనో, ఫోన్ పిచ్చి అనో అనుకుంటాం. తిండి చాలడం లేదేమోనని ఆలోచించం. ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది.

నిజానికి మంచి తిండికి ఎక్కువ డబ్బు అక్కర్లేదు. 60 కిలోల బరువున్నవారికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్లలో ఏడు గ్రాముల దాకా ఉంటుంది. పప్పు, పెరుగు, వేయించిన శనగలు తోడైతే లోటుండదు. వీటిలో చాలావాటికి స్టవ్ కూడా అక్కర్లేదు. యాప్‌లో ఒక్క బిర్యానీకి పెట్టే డబ్బుతో రోజుకు రెండు చొప్పున వారానికి సరిపడా గుడ్లు వస్తాయి. కాబట్టి చేతిలో డబ్బు తగ్గినప్పుడు మానాల్సింది ఆర్డర్లు, కూల్‌డ్రింకులే గానీ టిఫిన్, గుడ్డు కాదు. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పాలి.

మనం చేయాల్సిందీ ఉంది. తిండి డబ్బును మిగతా ఖర్చుల్లో కలపకుండా, విడిగా వారం వారం పంపండి. అప్పుడు నెలాఖరు కష్టం తగ్గుతుంది. ఊరి నుంచి పంపే డబ్బాల్లో కారప్పూస, మిఠాయిలు తగ్గించి కందిపొడి, నువ్వులపొడి, సున్నుండలు, పల్లీ ఉండలు సర్దండి. ఆకుకూర పప్పు తిన్న రోజు నిమ్మకాయ పిండుకోమని, భోజనం చేయగానే టీ తాగొద్దని చెప్పండి. నిమ్మరసం వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ దాన్ని అడ్డుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. ‘నాన్నకు భారం కాకూడదు’ అనుకునే పిల్లలే డబ్బులు అయిపోయిన సంగతి దాస్తారు. ‘అప్పుడే అయిపోయాయా?’ అని ఒక్కసారి కసిరితే మళ్లీ ఎప్పుడూ అడగరు. పస్తుంటారు.

అందుకే ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ప్రశ్న మార్చండి. ‘ఇవాళ పొద్దున ఏం తిన్నావు?’ అని అడగండి. జవాబు రావడానికి కాస్త ఆలస్యమైతే, కోప్పడకుండా రెండో ప్రశ్న వేయండి: ‘డబ్బులున్నాయా?’