నమ్మకం - అమ్మకం

తెలుగులో 'పరపతి' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి అప్పు. పరపతి సంఘమంటే అప్పులిచ్చే సంఘం. రెండోది పలుకుబడి, నలుగురిలో మనకున్న మాటవిలువ. ఈ రెంటికీ కలిపి ఒకే మాట పెట్టిన పెద్దలెవరో గాని, గట్టివాళ్ళు. మాటవిలువ లేని మనిషికి అప్పు పుట్టదు, సరే. మాటవిలువ లేని బ్యాంకులో మాత్రం డబ్బెవరు దాచుకుంటారు?

ఈ ప్రసక్తి ఎందుకొచ్చిందంటే, మా కాలేజీలో చదువుకుని బ్యాంకులో చేరిన కుర్రవాడొకడు ఆ మధ్య పండక్కి ఊరొచ్చి కనిపించాడు. ఏ బ్యాంకో చెప్పను, బతకవలసినవాడు. "ఏమోయ్, ఉద్యోగం ఎలా వుంది?" అంటే, "బ్యాంకు ఉద్యోగమనుకుని చేరానండి మాష్టారూ, ఇన్సూరెన్సు అమ్ముతున్నాను" అన్నాడు. తెల్లవారితే చాలు పై అధికారి ఫోను చేసి లెక్క అడుగుతాడట: ఇవాళ ఎన్ని పాలసీలు, ఎన్ని కార్డులు? పింఛను కోసం వచ్చిన ముసలాయనకి ఏది అంటగట్టాలా అని చూడడమే పనైపోయిందన్నాడు. "కాదంటేనో?" అన్నాను. "కాదన్నవాళ్ళు ఇప్పుడు ఏ ఊళ్ళో వున్నారో కనుక్కుని చెప్తానండి" అని నవ్వాడు.

ఆ జాబితాలో ఇప్పుడు గ్రీన్ డిపాజిట్టు కూడా చేరిందట. మీరూ ఒకటి వెయ్యండి మాష్టారూ అన్నాడు. ఆ డబ్బు పెట్టి ఏం చేస్తారోయ్ అంటే, "పర్యావరణానికండి" అన్నాడు. పాపం, అతనికి అంతవరకే చెప్పారు.

నిజానికి అది మంచి ఏర్పాటే. 2023 ఏప్రిల్ 11న రిజర్వు బ్యాంకు ఈ డిపాజిట్లకి నిబంధనలు ప్రకటించింది, ఆ జూన్ 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. మనం వేసిన సొమ్ము సూర్యరశ్మి, గాలి వంటి వాటినుంచి కరెంటు తీసే పనులకీ, కాలుష్యం తక్కువ చేసే రవాణాకీ, నీటి పొదుపుకీ, చెత్త నిర్వహణకీ, అటువంటివాటికే అప్పుగా వెళ్ళాలి. బొగ్గు, చమురు తవ్వకాలకి పనికిరాదు. 25 మెగావాట్లు మించిన జలవిద్యుత్ కేంద్రాలకి కూడా కుదరదు. ఆ సొమ్ము అప్పుగా వెళ్ళినా వెళ్ళకపోయినా మన వడ్డీ మనకి రావలసిందే. ఏటా బయటివాళ్ళెవరైనా వచ్చి లెక్క సరిచూడాలి. అలా సరిచూసినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తీరిపోదని కూడా రాశారు. ఆ వాక్యం రాసిన అధికారికి లోకం తెలుసు.

నా భయం నిబంధనల గురించి కాదు. పొద్దున్న ఫోను గురించి.

అమెరికాలో వెల్స్ ఫార్గో అని పెద్ద బ్యాంకుంది. వాళ్ళు తమ బ్రాంచీలని బ్రాంచీలనకుండా 'స్టోర్లు' అనేవారు. అంటే కొట్లు. ఒక్కొక్క ఖాతాదారుచేత ఎనిమిదేసి సరుకులు కొనిపించాలని వాళ్ళ లక్ష్యం. నమ్మకానికీ అమ్మకానికీ ఒక్క 'న'కారమే కదా తేడా, అది ఎక్కడో జారిపోయింది. లెక్క చూపించలేని గుమాస్తాలు ఖాతాదార్లకి తెలియకుండానే వాళ్ళ పేర ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థలు 18.5 కోట్ల డాలర్లు జుర్మానా వేశాయి. దొంగఖాతాలు 35 లక్షలదాకా వుండవచ్చునని మరుసటేడు బ్యాంకే ఒప్పుకుంది. 5,300 మంది ఉద్యోగాలు ఊడాయి. ఇదిలా వుండగా, జరుగుతున్నది తప్పని పైవాళ్ళకి చెప్పి, బ్యాంకువారే ఏర్పాటు చేసిన నీతి విభాగానికి ఫోను చేసిన ఒక మేనేజరుని అంతకుముందే ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన్ని తిరిగి తీసుకోమని 2017లో అక్కడి కార్మికశాఖ ఉత్తర్వు చెయ్యవలసి వచ్చింది. నీతికి ఒక టెలిఫోను పెట్టి, అది మోగించినవాడిని పంపెయ్యడం! మన పురాణాల్లో కూడా ఇంత చమత్కారం చదివిన గుర్తు లేదు.

అది మామూలు ఖాతాల సంగతి. పచ్చరంగు పులిమిన సరుకుకి ఏమవుతుందో చూడాలంటే జర్మనీ వెళ్ళాలి. డాయిష్ బ్యాంకుకి డి.డబ్ల్యు.ఎస్. అనే పెట్టుబడుల సంస్థ వుంది. తాము చూసే సొమ్ములో 45,900 కోట్ల యూరోలు పర్యావరణాన్నీ, సమాజాన్నీ గమనించి పెట్టినవేనని 2020వ సంవత్సరపు నివేదికలో అది ప్రకటించుకుంది. ఆ శాఖకి పెద్దగా నియమించుకున్న డెజిరే ఫిక్స్లర్ అనే ఆవిడ, ఇది వాస్తవానికి చాలా ఎక్కువ చేసి చెప్పడమని అభ్యంతరపెట్టింది. 2021 మార్చిలో ఆవిడ ఉద్యోగం పోయింది. ఆవిడ ఆరోపణ నిజం కాదని సంస్థ వాదించింది. 2022 మే 31న ఫ్రాంక్‌ఫర్టులో పోలీసులు ఆఫీసు సోదా చేశారు. ఆ మర్నాడు సంస్థ అధిపతి రాజీనామా ప్రకటన వెలువడింది. 2023లో అమెరికా నియంత్రణ సంస్థ 1.9 కోట్ల డాలర్లు, 2025 ఏప్రిల్‌లో ఫ్రాంక్‌ఫర్టు ప్రాసిక్యూటర్లు 2.5 కోట్ల యూరోలు జుర్మానా వేశారు.

రెండు చోట్లా నిజం ముందుగా తెలిసింది లోపల కూర్చున్న మనిషికే. బయటినుంచి లెక్క సరిచూసేవాడు ఏడాదికొకసారి వస్తాడు, కాగితం మీద వున్నది చూస్తాడు. బల్ల ముందు కూర్చున్న మనిషి రోజూ చూస్తాడు. సౌరవిద్యుత్తు పేర తీసుకున్న అప్పు మరోదానికి మళ్ళితే, మొదట అనుమానం వచ్చేది ఆ ఫైలు రాసే గుమాస్తాకే. అతను నోరెత్తితే ఏమవుతుందన్నది ఏ నివేదికలోనూ వుండదు. పింఛను ముసలాయనకి అక్కర్లేని పాలసీ అమ్మనన్నవాణ్ణి బదిలీ చేసే చోట, పచ్చని అప్పులో మచ్చ వుందని చెప్పేదెవరు?

కనక గ్రీన్ డిపాజిట్టు వెయ్యదలిచినవారు వడ్డీ పట్టికతోబాటు ఇంకో కాగితం కూడా చూడాలి. ఈ సొమ్ము గురించి బ్యాంకు తన విధానాన్నీ, సాలుసరి నివేదికనీ వెబ్‌సైటులో పెట్టాలని నిబంధన. ఇంట్లో పిల్లలచేత తీయించండి. ఎంత పోగయింది, ఏ పనులకి ఎంత వెళ్ళింది, ఎంత ఇంకా కదలకుండా కూర్చుంది అన్నవి అందులో వుండాలి. కనబడకపోతే బ్రాంచికి వెళ్ళి మేనేజరుగారినే అడగండి. కౌంటరు దగ్గరి కుర్రవాడిని మాత్రం అడక్కండి, అతనికప్పటికే ఫోను వచ్చి వుంటుంది.