దున్నిన బీడుకు ఎండ కావాలి

నిరుడు వేసవిలో మందిరం పక్కనున్న బీడును సాగుచేయ పూనుకున్నాం. ఏళ్లుగా గరిక అల్లుకున్న నేల. రెక్క నాగలితో దున్నిస్తే పెద్ద పెద్ద పెళ్లలు లేచాయి. తొందరపడి మరునాడే రోటవేటర్ వేయించాం. నేల పిండిలా అయింది, సంతోషించాం. తొలకరి పడగానే కందికంటే ముందు గరికే మొలిచింది!

గరిక ప్రతి కణుపునుండీ మొలుస్తుంది. రోటవేటర్ దాన్ని చంపలేదు, ముక్కలు చేసి పొలమంతా నాటింది. దున్నిన పెళ్లలను ఎండకు వదలాలి. వేళ్లు ఎండాక గొర్రు తోలి, పైకి తేలినవి ఏరి పారవేయాలి. వానకు పెళ్లలు మెత్తబడ్డాకే గుంటకతో చదును చేసి విత్తాలి.

హోషేయ 10:12 చూపించి బీడు దున్నమని బోధిస్తాం గాని, దున్నాక ఏమి చేయాలో చెప్పం. రైతుకు ఆ క్రమం నేర్పినది దేవుడేనని యెషయా 28:24-26 తెలుపుతుంది.

గట్టు తగాదాతో విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములకు ఒక్క ఆదివారంలోనే చేతులు కలిపించి, ప్రభువు బల్లకు తెచ్చాం. పైకి చదునైంది. కోతలనాటికి పగ రెండిళ్ల పిల్లలకూ పాకింది. తప్పు మాదే. ఎవరికి ఏ గాయమైందో అడగకుండానే మీద చదును చేశాం.

సంఘ పెద్దలారా, కన్నీళ్లు కనబడగానే సమాధానమైందని ప్రకటించకండి. పెళ్లలు కొన్నాళ్లు కనబడనివ్వండి. చూడ్డానికి బాగుండదు, అయినా వేరు ఎండేది అప్పుడే.

ఈ వేసవి ఆ రెండిళ్లకూ మళ్లీ వెళ్తున్నాం, ఈసారి వినడానికి. మాకొరకు ప్రార్థించండి.