ఇటుకల మీద కారా? వద్దమ్మా!

ఆవకాయ ముక్క మెత్తబడకుండా ఏం చేయాలో ఈ వారం చెబుతానని కిందటి వారం మాట ఇచ్చాను. దాన్ని ఇంకో వారానికి జరుపుతున్నాను, ఏమీ అనుకోకండి. ఒక సోదరి రాసిన ఉత్తరం చూశాక ఊరగాయల మీదికి మనసు పోలేదు.

"మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సెలవులకి వచ్చాడు. మా పాత చిన్న కారు కింద ఏదో చప్పుడొస్తోందట, తనే చూస్తానంటున్నాడు. జాకీతో లేపి, అటూ ఇటూ ఇటుకలు పేర్చి కిందకి దూరతాడట. యూట్యూబ్‌లో చూశానమ్మా, నీకేం తెలీదు అంటాడు. వాళ్ళ నాన్నగారేమో చేయనీ, నేర్చుకుంటాడు అంటున్నారు. నాకు మాత్రం గుండె దడగా ఉంది. అనవసరంగా భయపడుతున్నానా అక్కా?" ఇదీ ఉత్తరం.

లేదు చెల్లీ, మీ భయం సరైనదే. ముందు ఆ ఇటుకలు పక్కన పెట్టించండి. ఊరికే "వద్దు నాన్నా" అంటే ఆ వయసు పిల్లలు వినరు కాబట్టి కారణాలు రాస్తున్నాను. కాగితం అతని చేతికే ఇవ్వండి.

మనింట్లో ఇటుకలకి అలవాటు పడ్డాం. మంచం కోళ్ళ కింద ఇటుకలే, నీళ్ళ డ్రమ్ము కింద ఇటుకలే, వానాకాలం బీరువా కింద ఇటుకలే. ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. అందుకే కారుకీ సరిపోతాయనిపిస్తుంది. కానీ డ్రమ్ము బరువు ఇటుక మీద అంతటా పరుచుకుంటుంది, కదలదు. కారు అలా కాదు. దాని అంచు ఇనప రేకు, కత్తిపీట అంచులా సన్నంగా ఉంటుంది. బరువంతా ఆ సన్నటి గీత మీదే దిగుతుంది. పైగా కింద పడుకున్నవాడు బిగుసుకుపోయిన బోల్టుని పానాతో ఒక్క గుంజు గుంజితే కారంతా ఊగుతుంది. ఇటుక ముందుగా చెప్పదు, ఫెళ్ళుమని రెండు ముక్కలవుతుంది. సిమెంటు ఇటుకలు, లోపల బోలుగా ఉండేవి, ఇంకా అన్యాయం. చూడటానికి దిట్టంగా కనిపిస్తాయి, అంతే.

బరువెంతో తెలుసా? 1983లో వచ్చి, 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 మనకి తెలిసిన తేలికైన కార్లలో ఒకటి. అదే సుమారు 650 కిలోలు. ఇప్పటి చిన్న కార్లు 700 నుంచి 900 దాకా ఉంటాయి. 750 కిలోలు అనుకుంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు 30 అన్నమాట. ఇంజను ముందుంటుంది కాబట్టి ముందు చక్రాల మీద ఎక్కువ భారం పడుతుంది. ఒక్క ముందు మూల లేపితే తొమ్మిది బస్తాల దాకా జాకీ మీద ఉన్నట్టే. తొమ్మిది బస్తాలని ఒక ఇనప కర్ర మీద నిలబెట్టి, దాని కింద మన పిల్లవాడిని పడుకోమంటామా?

"జాకీ ఉందిగా" అంటారు. కారుతో ఇచ్చే జాకీ పట్టకారు కాళ్ళలా ముడుచుకుని ఉంటుంది. మధ్యలో పొడుగాటి మర ఉంటుంది, దాన్ని తిప్పితే కాళ్ళు దగ్గరకొచ్చి పైకి లేస్తుంది. దాని పీఠం మన అరచేతికి కాస్త పెద్ద. చక్రం మార్చుకోవడానికి ఆ పది నిమిషాలు లేపి ఉంచడానికే దాన్ని చేశారు. కారు ముందుకో వెనక్కో నాలుగు వేళ్ళు జరిగితే చాలు, పక్కకి ఒరిగిపోతుంది. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ జాకీలు బరువుని సులువుగా ఎత్తుతాయి, నిజమే. కానీ లోపల ఒక రబ్బరు వాషరు అరిగితే నూనె జారి, చప్పుడు లేకుండా కిందికి దిగిపోతాయి. ఏ జాకీ అయినా ఎత్తడానికే. మోయడానికి వేరే వస్తువు ఉంది.

మా చిన్న మామయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. జాకీ సంగతులు నాకు చెప్పింది ఆయనే. "జాకీని నమ్మకే అమ్మాయీ, దిమ్మని నమ్ము" అనేవారు. చెక్క దిమ్మలు అడ్డంగా, నిలువుగా పేర్చి, ఒకసారి కాలితో తన్ని చూసి, అప్పుడు గానీ చెయ్యి లోపల పెట్టేవారు కాదు. ఇప్పుడు చిన్న కార్లకి జాకీ స్టాండ్లని ఇనపవి దొరుకుతున్నాయి, స్పేర్ పార్టుల షాపులో అడిగితే ఇస్తారు. నాలుగు కాళ్ళ పీటలా ఉంటుంది, ఎత్తు పెంచి తగ్గించుకోవచ్చు. ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. జతగా కొనాలి. ఒకటి కొని రెండోవైపు ఇటుకలు పెడితే డబ్బు దండగ.

అవి వాడే పద్ధతి ఇది. ముందు వైపు లేపాలంటే వెనక చక్రాలు రెండింటికీ ముందూ వెనకా చెక్క ముక్కలు గట్టిగా దూర్చాలి. హ్యాండ్ బ్రేకు లాగాలి. ఒకవైపు లేపి స్టాండు పెట్టి, రెండోవైపు లేపి రెండో స్టాండు పెట్టి, జాకీని నెమ్మదిగా దించి కారు బరువు పూర్తిగా స్టాండ్ల మీదికి రానివ్వాలి. కొందరు బరువు జాకీ మీదే ఉంచి, స్టాండ్లు పక్కన ఊరికే నిలబెడతారు. అదేం పద్ధతో నాకు అర్థం కాదు. స్టాండు కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, కారు పుస్తకంలో బొమ్మ వేసి చూపించిన గట్టి చోటే పెట్టాలి. పెట్టాక బయట నిలబడి, చేత్తో కారుని అటూ ఇటూ ఊపి చూడాలి. ఊగిందా, దించి మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఇక్కడ చాలామంది మగవాళ్ళకి కూడా తెలియని సంగతి ఒకటుంది. చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక వైపు రెండు చక్రాలూ గాల్లోకి లేపితే అది ఉన్నా లేనట్టే. అలాగే గేరులో పెట్టాం కదా అని ధీమా. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. ఒక ముందు చక్రం గాల్లో ఉంటే అది ఖాళీగా తిరుగుతుంది, నేల మీదున్న రెండోది దొర్లడానికి దారి ఇస్తుంది. గేరు దాన్ని ఆపలేదు. అందుకే చక్రాలకి అడ్డు పెట్టకుండా జాకీ ముట్టుకోకూడదు.

ఇన్ని చెప్పినా నా మాట మాత్రం ఒకటే చెల్లీ. కారు కింద పడుకుని చేసే పని షెడ్డులో, గుంట ఉన్నచోట చేయించండి. మీ అబ్బాయికి ఉత్సాహం ఉంది, మంచిదే. మెకానిక్ పక్కన నిలబడి చూడమనండి. ఇంట్లో చక్రం మార్చడం నేర్పండి, దానికి కింద దూరక్కర్లేదు. అసలది మనం కూడా నేర్చుకోవాల్సిన పనే. మావారు ఊళ్ళో లేనప్పుడు పిల్లల్ని స్కూల్లో దింపేది నేనే. పంక్చరైతే ఎవరి కోసం ఎదురు చూడను?

ముందు చోటు చూసుకోండి. గేటు ముందు ర్యాంపు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, సమంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. మన పోర్టికోల్లో తాండూరు బండలు వేయిస్తాం కదా, కింద ఇసుక కుంగి బండ బోలుగా ఉంటే జాకీ బరువుకి పగులుతుంది. వేళ్ళతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే చోటు మార్చండి. మెత్తటి మట్టి, వేసవిలో కరిగిన తారు రోడ్డు అయితే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయాలి. రొట్టెల పీట మాత్రం తేకండి, విరిగితే రెండు విధాల నష్టం.

కార్లో ఉన్నవాళ్ళందరూ దిగాలి. నిద్రపోతున్న పసివాళ్ళు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు కూడా. "నేనిక్కడే కూర్చుంటానమ్మా, నాకేమవుతుంది" అంటారు. నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు పని మొదలుపెట్టండి. పిల్లల్ని చూసుకునే పని కూడా ఆవిడకే అప్పజెబితే ఇద్దరూ కుదురుగా ఉంటారు.

హ్యాండ్ బ్రేకు, మొదటి గేరు. లేపే చక్రానికి ఎదురు మూలగా ఉన్న చక్రానికి రెండువైపులా అడ్డు. చీర కట్టుకుంటే కొంగు నడుముకి దోపుకోండి. నట్లని చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి, సగం తిప్పు చాలు. మన చేతులకి బలం లేదని బెంగ అక్కర్లేదు. పానా పిడి ఎడమవైపుకి అడ్డంగా ఉండేలా తగిలించి, గోడో కారో పట్టుకుని కాలితో కిందికి నొక్కండి. మన ఒంటి బరువే పని చేస్తుంది.

తర్వాత జాకీ. తలుపుల కింద అంచున, ముందు చక్రానికి కాస్త వెనగ్గా, వెనక చక్రానికి కాస్త ముందుగా రెండేసి చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆ రెండు గాట్ల మధ్య అంచు జాకీ తలమీది గాడిలో కూర్చోవాలి. పక్కకి జరిపి నేల రేకు కింద పెడితే రేకు లోపలికి పోతుంది, జాకీ జారుతుంది. బ్యాటరీ కార్లకి కింద మొత్తం బ్యాటరీయే ఉంటుంది, కాబట్టి వాటికి పుస్తకంలో చూపిన చోటు తప్ప ఇంకెక్కడా తాకించకూడదు. జాకీ నిటారుగా ఉందా అని రెండువైపుల నుంచీ చూసి, నెమ్మదిగా తిప్పండి. గాలి ఉన్న చక్రం పడుతుంది కాబట్టి పాత చక్రం నేలని వదిలాక ఇంకో రెండంగుళాలు లేపితే చాలు.

పాతది విప్పేముందు స్టెప్నీని జాకీ పక్కన, కారు అంచు కింద పడుకోబెట్టి ఉంచండి. పాతది ఊడాక దాన్ని అక్కడ పెట్టి స్టెప్నీ బయటికి తీయండి. ఒకవేళ జాకీ ఒరిగినా కారు చక్రం మీద ఆగుతుంది, మన పాదం మీద పడదు. (స్టెప్నీ అన్నది మనవాళ్ళు పెట్టిన పేరే అనుకునేదాన్ని. వేల్స్‌లో లానెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉందట. 1904లో ఇద్దరు అన్నదమ్ములు అక్కడ అదనపు చక్రాల వ్యాపారం మొదలుపెడితే ఆ వీధి పేరే మనదాకా వచ్చింది!)

కొత్త చక్రం ఎక్కించి నట్లు చేత్తో పట్టినంత బిగించి, కారు దించి, అప్పుడు పానాతో పూర్తిగా బిగించండి. ఒకదాని పక్కది కాదు, ఎదురెదురుగా ఉన్నవి. ఈసారి కాలితో తొక్కకండి, చేతి బలం చాలు. దించేముందు కింద పిల్లి గానీ, బంతి కోసం దూరిన బుజ్జిగాడు గానీ లేరని వంగి చూడండి. యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూసుకోండి. ఇదంతా ఒక ఆదివారం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూస్తే రోడ్డు మీద కంగారుండదు. ఇప్పుడు కొన్ని కార్లకి స్టెప్నీ ఉండటం లేదు, పంక్చర్ మందు డబ్బా, గాలి పంపు ఇస్తున్నారు. మీదానికి ఏముందో డిక్కీ తెరిచి ఇవాళే చూడండి. స్టెప్నీ ఉంటే పెట్రోలు కొట్టించినప్పుడు దానికీ గాలి చూడమనండి. ఏడాదిపాటు ఎవరూ పట్టించుకోని చక్రం అవసరానికి చప్పగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ఎక్కడైనా ఎవరైనా కారు కింద ఇరుక్కుంటే చేతులు పట్టి బయటికి లాగొద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు వేరే జాకీ తెచ్చి కారుని పైకి లేపాలి.

చేతులకి అంటిన గ్రీజు సబ్బుతో పోదు. కాస్త కొబ్బరినూనె, చెంచాడు పంచదార వేసి రుద్ది, ఆ తర్వాత శనగపిండితో కడుక్కోండి. చీర మీద పడితే వెంటనే నీళ్ళు తగలనివ్వకండి. ముఖానికి రాసుకునే పౌడరు మందంగా చల్లి ఒక గంట వదిలేసి, దులిపి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రుద్ది ఉతకండి. పట్టుచీర అయితే డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి. అయినా పట్టుచీరతో చక్రం మార్చే అవసరం పెళ్ళికి వెళ్ళేటప్పుడే వస్తుంది, డిక్కీలో ఒక పాత దుప్పటి పడేసి ఉంచండి.

ఆవకాయ వచ్చేవారం తప్పకుండా.