ఒక అంకె - ఒక న్యాయం

క్రీడారంగంలో గడియారం నిర్ణయించే విజయాలు కొన్ని, మానవుని తీర్పు నిర్ణయించే విజయాలు కొన్ని. పరుగుపందెంలో ముందుగా గీత దాటినదెవరో అందరికీ కనబడుతుంది. కాని సంగీతానికి అనుగుణంగా నీటిలో నర్తించే సింక్రొనైజ్డ్ స్విమ్మింగ్‌లో న్యాయనిర్ణేతలు వేసే అంకెలే క్రీడాకారిణి భవితవ్యాన్ని శాసిస్తాయి. 2017లో ఆర్టిస్టిక్ స్విమ్మింగ్‌గా పేరు మారిన ఈ క్రీడ 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశం పొందింది. చూపరులకు కనిపించేది చిరునవ్వు మాత్రమే. కాళ్లు అడుగు నేలకు ఆనకుండా, ఊపిరి బిగబట్టి, తలక్రిందులుగా నిలిచే కఠోరశ్రమ నీటి మాటున దాగి ఉంటుంది.

తీర్పు పొరపడినప్పుడు సంస్థల కర్తవ్యమేమి? ఈ ప్రశ్నకు కెనడా దేశపు సిల్వీ ఫ్రెషెట్ చరిత్ర కంటె తగిన ఉదాహరణ మాకు తోచదు.

1967లో మాంట్రియల్ నగరంలో జన్మించిన ఆమె 1986 ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడలలోను, 1991 పెర్త్ ప్రపంచ పోటీలలోను ఏకవ్యక్తి విభాగంలో స్వర్ణపతకాలు గెలిచింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు కొద్దిరోజుల ముందు ఆమెకు కాబోయే భర్త మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమ్రింగి ఆమె పోటీలో పాల్గొన్నది. నిర్ణీత భంగిమల ఘట్టంలో ఒక న్యాయనిర్ణేత 9.7 వేయదలచి యంత్రంపై 8.7 నొక్కింది. వెంటనే సరిదిద్దుకోబోయినా సాధ్యపడలేదు. కెనడా అభ్యంతరం త్రోసివేయబడింది. తుది లెక్కలో అమెరికా క్రీడాకారిణి క్రిస్టెన్ బాబ్-స్ప్రేగ్‌కు 191.848, ఫ్రెషెట్‌కు 191.717 వచ్చాయి. రజతంతో ఆమె వెనుదిరిగింది. ఒలింపిక్స్‌లో ఏకవ్యక్తి విభాగమే ఆ ఏటితో ముగిసింది గనుక మరొక అవకాశం ఆమెకు లేకపోయింది.

1993లో పొరపాటును అంగీకరించి ఆమెకు స్వర్ణపతకం ప్రకటించారు. బాబ్-స్ప్రేగ్ పతకాన్ని మాత్రం వెనుకకు తీసుకోలేదు. డిసెంబరులో మాంట్రియల్‌లోనే ఫ్రెషెట్ ఆ పతకాన్ని అందుకొన్నది. 1996 అట్లాంటాలో కెనడా జట్టుతో రజతం కూడ సాధించింది.

న్యాయనిర్ణేత మాటకు తిరుగుండరాదని, లేనిచో వివాదాలకు అంతముండదని కొందరు వాదిస్తారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. కాని అభిప్రాయభేదం వేరు, నమోదులో దొర్లిన దోషం వేరు. ఇక్కడ న్యాయనిర్ణేత అభిప్రాయాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ఆమె అభిప్రాయమే లెక్కకు ఎక్కలేదు. నియమం కాపాడినది తీర్పును కాదు, వ్రేలి తడబాటును. పదహారు నెలల తరువాత లభించిన న్యాయం న్యాయమే అయినా, బార్సిలోనా వేదికపై నిలువవలసిన క్షణాన్ని అది తిరిగి ఈయజాలదు. ఒకరికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికి మరొకరిని దండించనక్కరలేదని కూడ ఈ ఉదంతం నిరూపించింది.

మన విద్యాలయాలలోను మార్కులు కూడేటప్పుడు, వక్తృత్వ పోటీల ఫలితాలు ప్రకటించేటప్పుడు ఇటువంటి తడబాట్లకు తావున్నది. కావున ఫలితం వెల్లడించే ముందే అంకెలను మరొకరు సరిచూడాలని, స్పష్టమైన దోషం చూపినవారి విన్నపాన్ని గడువులోగా పరిశీలించాలని కళాశాల సంఘంవారిని కోరుతున్నాము. విద్యార్థి మిత్రులు సైతం తమ అసంతృప్తినే దోషంగా భావించరాదు. తప్పు దిద్దుకొన్నందువల్ల ఏ సంస్థ గౌరవమూ తరుగదు. దిద్దుకొనడంలో జాప్యం చేసినచో నష్టపోయేది శ్రమించినవారే.