మే నెలలో రెండు వారాలు పిల్లలకే వదిలేద్దాం

ఎండాకాలం వచ్చిందంటే మన బెల్లంపల్లిలో ఏదో ఒక ఫంక్షన్ హాల్ ముందు ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అని ఫ్లెక్సీ కనిపిస్తుంది. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. సార్లకు శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, భోజనాలు. మంచి పద్ధతే. కానీ పోయిన ఏడాది మే నెలలో మా పెద్దమ్మ కొడుకు వెళ్లి వచ్చిన కలయిక వేరే రకం. వాళ్లు ఒక బడి వాళ్లు కాదు, ఒక బ్యాచ్ కూడా కాదు. పాతికేళ్ల కింద తిలక్ స్టేడియంలో సింగరేణి వేసవి శిక్షణ శిబిరంలో కలిసి ఆడుకున్నవాళ్లు.

పొద్దున్నే ఆరింటికి స్టేడియంలోనే కలిశారు. ఒకాయన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. ఒకాయన కాగజ్‌నగర్‌లో ఆటో నడుపుతాడు. ఇంకొకాయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాలీబాల్ ఆడదామని దిగి పది నిమిషాలకే ఆయాసపడి కూర్చున్నారట. మా అన్న వచ్చి రెండు రోజులు అవే ముచ్చట్లు చెప్పాడు. ఎవరు సర్వీస్ ఎలా వేసేవాడు, ఎవరికి బూట్లు లేక ఉత్త కాళ్లతో పరుగెత్తేవాడు, కోచ్ సార్ ఎవరిని ఏమని పిలిచేవారు. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చేవో ఒక్కరూ అడగలేదట. అసలు తెలిస్తే కదా! ఒకరు సర్కారు బడి, ఒకరు కాన్వెంటు, ఒకరి నాన్న బాయిలో కోల్‌ఫిల్లర్, ఒకరి నాన్న ఆఫీసరు. గ్రౌండ్‌లో మాత్రం అందరిదీ ఒకటే లైను.

ఇళ్లలో కాకుండా స్టేడియంలోనే ఎందుకు కలిశారంటే, దానికి మన ఊరి చరిత్రే కారణం. 1920ల చివర్లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లతో ఊరు పెరిగింది. తర్వాత పట్టణంలోని గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఏరియా ఆఫీసు గోలేటికి పోయింది. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు సుమారు నలభై వేలకు తగ్గారు. నాన్నలకు శ్రీరాంపూర్‌కో, భూపాలపల్లికో, మణుగూరుకో బదిలీ అయితే పిల్లలు కూడా చెదిరిపోయారు. చిన్నప్పటి క్వార్టరు తలుపు తట్టినా లోపల తెలిసినవాళ్లు ఉండరు. మిగిలింది గ్రౌండే.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. తాండూరు, కాసిపేట, నెన్నెల, భీమిని నుంచి వ్యాన్‌లో వస్తారు, సాయంత్రం అదే వ్యాన్‌లో పోతారు. మార్కులను బట్టి సెక్షన్ మారితే పక్కన కూర్చునే స్నేహితుడు కూడా మారతాడు. ఏప్రిల్ ఆఖరున సెలవులు ఇస్తే జూన్ 12 దాకా టైమ్ ఉంటుంది కదా అని బ్రిడ్జ్ కోర్సు, ఐఐటీ ఫౌండేషన్, అబాకస్. పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, ‘మేడం, సెలవుల్లో ఏం కోర్సు పెట్టమంటారు?’ అనే. ఈ న్యూస్‌లెటర్‌లో ఇలా రాయొచ్చో లేదో గానీ, నా జవాబు ఇదే: కనీసం రెండు వారాలు ఏ కోర్సూ వద్దు. గ్రౌండ్‌కు పంపండి.

వేసవి శిబిరం అనే ఆలోచన బడి పంతులుదే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్‌మాస్టర్ 1861లో తన విద్యార్థులను నడిపించుకుంటూ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. పుస్తకాలు పట్టించడానికి కాదు, పడవలు నడపడానికి, చేపలు పట్టడానికి. హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1938 నుంచి కొందరి జీవితాలను వరుసగా గమనిస్తూ వస్తున్నారు. యాభై ఏళ్ల వయసులో మనుషులతో సంబంధాలు బాగున్నవాళ్లే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారని, ఆ విషయంలో కొలెస్ట్రాల్ లెక్క కన్నా అదే బాగా పనికొచ్చిందని తేల్చారు. ర్యాంకు కోసం ఖర్చు పెడుతున్న మనం ఈ లెక్క కూడా కాస్త చూడాలి.

ఎండ అంటారా, నిజమే. బొగ్గు బెల్ట్‌లో మే అంటే నలభై అయిదు డిగ్రీలు. అందుకే శిబిరం తెల్లవారుజామున మొదలై ఎనిమిదింటికల్లా అయిపోవాలి. ఆ తర్వాత ఇంట్లో పడుకున్నా పర్వాలేదు. పగలంతా ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లాడి కన్నా ఆడి అలిసి నిద్రపోయే పిల్లాడు నయం.

ఆడపిల్లల మాట విడిగా చెప్పాలి. మా అన్న చూపించిన పాత శిబిరం ఫొటోలో అమ్మాయిలు తొమ్మిది మంది ఉన్నారు. కలయికకు వచ్చింది ఒక్కరు. మిగతావాళ్లు పెళ్లయి వెళ్లిపోయారు, ఇంటిపేర్లు మారాయి, ఎవరి దగ్గరా నంబర్లు లేవు. అబ్బాయిలకు వాట్సాప్ గ్రూప్ ఉంది, వీళ్లకు లేదు. అమ్మాయిని గ్రౌండ్‌కు పంపడానికి భయమైతే అమ్మ కూడా వెంట వెళ్లి గట్టు మీద కూర్చోవచ్చు. ‘ఎనిమిదో తరగతికి వచ్చింది, ఇంక ఆటలేంటి’ అని మాత్రం అనకండి.

ఈసారి నా క్లాసు పిల్లలకు ఇచ్చే హాలిడే హోంవర్క్‌లో ఇంగ్లిష్ వ్యాసం ఉండదు. ముగ్గురు స్నేహితుల ఇళ్లకు వెళ్లాలి, కనీసం ఒకరు వేరే సెక్షన్ అయి ఉండాలి. వాళ్ల ఇల్లు ఎక్కడో, ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఒక పేజీ రాయాలి. తెలుగులో రాసినా తీసుకుంటాను. ఫోన్ నంబర్లు మాత్రం నోట్‌బుక్‌లో వద్దు, మీ ఇంటి డైరీలో రాసి దాచండి.